బేరింగ్ చప్పుడు, స్క్రీన్ మీద గీత

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ వాళ్లకి కొత్త సెన్సర్ల మీద ట్రైనింగ్ ఇస్తున్నా. మొదటి రోజు అందరికీ ఒకటే టెన్షన్, ఇవి వస్తే మా పని పోతుందేమో అని. 30 ఏళ్లుగా ఫ్యాన్ బేరింగ్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చప్పుడు వినే పెద్దాయన ఒకరున్నారు. స్లైడ్లు పక్కన పెట్టేసి ఆయన్ని ఫ్యాన్ దగ్గరికే తీసుకెళ్లా.

"ఏం వినపడతాంది చిన్నాయనా?"

"గరగరమంటాంది, గ్రీజు తక్కువైనట్టుంది."

ట్యాబ్లెట్‌లో చూస్తే వైబ్రేషన్ గీత కూడా పైకి లేచే ఉంది. సెకనుకి ఇన్ని మిల్లీమీటర్లు అని దాన్ని కొలుస్తారని చెబితే వెంటనే పట్టేశారు.

క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) తయారయ్యే కిల్న్ అనే పెద్ద బట్టీ లోపల సుమారు 1450 డిగ్రీలు, అక్కడ చెవి పెట్టలేం, సెన్సరే దిక్కు. కానీ ఆ అంకె చూసి ఏం చేయాలో తెలిసింది ఇలాంటి వాళ్లకే, అందుకే ట్రైనింగ్ తెలుగులో, మిషన్ పక్కనే జరగాలని నేను గట్టిగా అడుగుతున్నా. రేపటి క్లాసు ఆయనే మొదలుపెడతారు.