జీడితోటలో బండి కాపురం

మావయ్యకి మోకాలి ఆపరేషన్. అత్త కూడా ఆయనతో విశాఖలోనే ఉండిపోయింది. దాంతో పర్లాకిమిడి దాటాక కొండవారనున్న వాళ్ల జీడితోట ఈ సీజన్‌కి నా మీద పడింది. ఊళ్లో ఇల్లుంది, తాళం నా దగ్గరే ఉంది. అయినా బండిలోనే ఉంటున్నాను. పిక్కలు రాలే రోజుల్లో తెల్లారేసరికి తోటలో మనిషుండాలి. టీ తాగి తీరిగ్గా వస్తే మనకంటే ముందు ఎవరో ఏరుకుపోతారు.

బండి పాత ట్రావెలర్ వ్యాను. సీట్లు తీసి మంచం, స్టవ్, 120 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించాను. ఆ మార్పు ఆర్సీలో ఎక్కించుకున్నాకే రోడ్డెక్కాను. ఆంధ్రా నంబరుతో ఒడిశాలో ఉండొచ్చు గానీ 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. నాకంత అవసరం పడదు.

ఫిబ్రవరి

ముందు బండి ఎక్కడ ఆపాలో తేలాలి. ఎండిన జీడాకు చిటికెలో అంటుకుంటుంది, కాలే సైలెన్సర్‌తో దాని మీద ఆపితే తోటంతా పోతుంది. చుట్టూ రెండు బారల మేర ఆకు ఊడ్పించి, మట్టి తేలేదాకా చెక్కించాను. చోటు కూడా జీడిచెట్టు కింద కాదు, గట్టు మీది చింత నీడలో. జీడిపండు రసం మరక రంగు మీద పడితే ఒక పట్టాన వదలదు.

నీడలో బండి ఉంటే పైనున్న సోలార్ ప్యానెల్ దండగ. అందుకే 300 వాట్ల ప్యానెల్ కిందికి దించి, పది మీటర్ల వైరుతో ఎండలో పెట్టాను. వైరు సన్నదైతే దారిలోనే కరెంటు పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్లది వాడాను. బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ లిథియం, అంటే 1,280 వాట్-అవర్లు. చిన్న ఫ్రిజ్, రాత్రంతా ఫ్యాను, లైట్లు, ఫోను కలిపి రోజుకి సుమారు 700. రెండో రోజు మబ్బు పట్టినా కంగారుండదు.

నెలాఖరుకి పూత మీద టీ దోమ అనే రసం పీల్చే పురుగు కనిపించింది. లేత రెమ్మ మీద అది పొడిచిన చోట బంక బొట్టు, తర్వాత నల్ల మచ్చ, ఆపైన కంకి మొత్తం మాడినట్టు అయిపోతుంది. లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరు నీటికి 0.6 మిల్లీలీటర్లు కలిపి కొట్టించాను. సాయంత్రం పూటే, ఎందుకంటే పొద్దున పూత మీద ఈగలు, తేనెటీగలు తిరుగుతాయి, కాపు వాటి చలవే. మందు డబ్బా మాత్రం బండెక్కనివ్వను. పడుకునేదీ వండుకునేదీ ఆ ఒక్క గదిలోనే.

మార్చి

ఈ నెలంతా మొదళ్లు చూడ్డంతోనే సరిపోయింది. మావయ్య ఫోన్‌లో చెప్పిన మొదటి మాట, "పైకి చూడకురా, కిందికి చూడు." కాండం, వేరు తొలిచే పురుగు పడితే నేలకి జానెడెత్తులో చిన్న చిన్న కంతలు, వాటిలోంచి బంకతో కలిసిన రంపపు పొట్టు. ఆకు పసుపు రంగుకి తిరిగేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. పనికొచ్చిన సవర పెద్దాయన కత్తితో బెరడు చెక్కుకుంటూ వంకర తిరిగిన దారి పట్టుకుని వెళ్లి, కొన వంచిన చువ్వతో పురుగుని లాగాడు. వేలెడు పొడవు, తెల్లగా, నోరు మాత్రం నల్లగా. ఒక్కో చెట్టులో ఒకటితో ఆగదు, ఆఖరి దారి చివరిదాకా వెళ్లాల్సిందే. శుభ్రం చేశాక తారు ఒక వంతు, కిరసనాయిలు రెండు వంతులు కలిపి మొదలు నుంచి మీటరెత్తు దాకా పూశాం. మొదలు చుట్టూ సగానికి పైగా బెరడు పోయి, ఆకు కూడా పసుపు తిరిగినవి బతకవు. వేళ్లతో సహా తీయించాను, ఉంచితే పక్క చెట్లకి పాకుతుంది.

ఏప్రిల్

ఏరుడు మొదలైంది. పొద్దున్నే సవర ఆడవాళ్లు వస్తారు, నాతో తెలుగు, వాళ్లలో వాళ్లు సవర, బేరగాడితో ఒడియా. రాలిన పండే ఏరాలి, కొమ్మ దులిపితే పచ్చి పిక్క కలిసి బస్తా ధర పడిపోతుంది. పిక్క చితికితే కారే నూనెకి చేతులు బొబ్బలెక్కుతాయి, అందుకని కొబ్బరినూనె రాసుకుంటారు. పిక్క టార్పాలిన్ మీద రెండు మూడెండలు పడాలి. గోరు గుచ్చితే గుర్తు పడకూడదు, దోసిట్లో కదిపితే గలగలమనాలి.

విడదీసిన పండ్లు కుప్ప పడేస్తే ఆ వాసనకి ఎలుగు దిగుతుంది. ఊళ్లో పశువులున్నవాళ్లకి రోజూ పట్టించేస్తున్నాను, మిగిలింది గొయ్యిలో పూడుస్తున్నాను. బండిలో క్యాసెట్ టాయిలెట్ (కింది డబ్బా తీసి పారబోసుకునేది) ఎందుకు, తోటంతా ఉందిగా అని నవ్విన మా బావమరిది వచ్చి ఒక రాత్రి పడుకున్నాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు.

పలాస బేరగాళ్లు 80 కేజీల బస్తా లెక్కన అడుగుతారు. అడిగేముందు కేజీకి ఎన్ని పిక్కలో లెక్కపెడతారు, మనమూ పెట్టుకోవాలి. బిపిపి-8 అనే బాపట్ల హైబ్రిడ్ రకం చెట్లవి ఒక్కోటి ఎనిమిది గ్రాముల పైమాటే, కేజీకి 120 దాకా తూగుతున్నాయి. నాటు చెట్ల పిక్క చిన్నది. రెండూ కలిపి పోస్తే ధర నాటుదే కడతారు కాబట్టి విడివిడిగా ఆరబెట్టాను. బిపిపి బస్తాలు అమ్మేశాను, నాటువి మావయ్య వచ్చి చూస్తానన్నాడు. ఈలోగా బండి వెనక టైర్లు మార్పించాలి. నాలుగు చినుకులు పడితే ఈ ఎర్రమట్టిలో బండి కదలదు, వానల్లోపు రోడ్డుకి దించేయాలి.