ఎర్ర టార్చి, గాజు పలక

మన సైన్సు క్లబ్బు వేసవి వానల్లో కప్పల్నీ నత్తల్నీ చూడటానికి బయల్దేరినప్పుడు సరంజామా పెద్దగా ఉండేది కాదు. టార్చి, భూతద్దం, అరచేయంత గాజు పలక, ప్లాస్టిక్ కవర్లో నోటు పుస్తకం, పెన్సిలు. పెన్ను నిషేధం. సిరా కారిపోతుంది, బాల్‌పెన్ను తడి కాగితం మీద రాయదు.

చోటు చేరాక మొదటి పది నిమిషాలు ఊరికే నిలబడటమే పని. అడుగుల అదురుకే కప్పలు నోరు మూసేస్తాయి. కదలకుండా ఉంటే ముందు ఒకటి మొదలుపెడుతుంది, తర్వాత మిగతావి అందుకుంటాయి. అలా జత కోసం అరిచేవి మగ కప్పలు. అరుపు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడం ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు నాలుగైదు అడుగుల ఎడంలో నిలబడి, చప్పుడు వచ్చిన వైపు చెయ్యి చాపాలి. ఆ రెండు గీతలూ కలిసేచోట వెతకాలి.

టార్చి మూతికి ఎర్ర జిలాటిన్ కాగితం రెండు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు బిగించేవాళ్ళం. తెల్ల వెలుతురు మీద పడితే చాలా కప్పలు బిగుసుకుపోతాయి, ఇక అరవవు. దూరంగా ఉన్నవాటిని వెతకాలంటే మాత్రం ఎర్ర కాగితం తీసి, టార్చిని కణత పక్కన పట్టుకోవాలి. కప్ప కంట్లో పడిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి మళ్ళుతుంది కాబట్టి, నడుము దగ్గర పట్టుకున్నవాడికి ఆ మెరుపు కనబడదు.

గుంపుగా అరుస్తుంటే లెక్కపెట్టడం దండగ. అంకె వేసేవాళ్ళం: ఏమీ లేకపోతే 0, విడివిడిగా వినిపిస్తే 1, ఒకదాని మీద ఒకటి పడుతున్నా విడదీయగలిగితే 2, ఒకటే హోరైతే 3. పక్కనే టైము, వాన వెలిసి ఎంతసేపైందీ, ఉష్ణోగ్రత. ఈ మూడూ లేకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. వెచ్చగా ఉన్న రాత్రి అరుపుల వేగం కూడా పెరుగుతుంది మరి. పురుగును పట్టిన కప్ప కనబడితే కళ్ళనే చూడాలి. గుడ్లు లోపలికి దిగి పురుగును గొంతులోకి నెడతాయి.

నత్తలతో విసుగనేవాళ్ళు గాజు పలక ఎక్కించి చూడనివాళ్ళే. గుల్ల పట్టి లాగకూడదు, లోపలి కండరం దెబ్బతింటుంది. పలకను తడిపి దాని దారికి అడ్డంగా పెడితే తనే ఎక్కుతుంది. పలక ఎత్తి కింది నుంచి చూస్తే, పాదం మీద నల్లటి పట్టీలు తోక నుంచి తల వైపు వరసగా కదిలిపోతుంటాయి. నడకంటే అదే. తోట నత్త మామూలుగా నిమిషానికి ఐదారు సెంటీమీటర్లే వెళ్తుంది. పలకకి పల్చగా పిండి జావ పూసి ఉంచితే నోరు తెరిచి గీకడం, వెనక వంకరటింకర గీతలు మిగలడం భూతద్దంలో స్పష్టంగా తెలుస్తుంది. గుల్ల అంచు కింద, ఎక్కువ జాతుల్లో కుడి పక్కన, ఒక రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఊపిరి అందులోంచే. పొడవాటి కొమ్ముల చివర కళ్ళు, కింది పొట్టి జత వాసనకీ తాకి చూడటానికీ.

నత్త మీద ఉప్పు చల్లి "తమాషా" చూసే అలవాటును మన క్లబ్బు ఒప్పుకునేది కాదు. ఒంట్లో నీరంతా బయటికి లాగేసి చంపుతుందది.

కప్పను పట్టుకోక తప్పదనుకుంటే, సబ్బు, దోమల మందు లేని చేతుల్ని నీళ్ళతో తడుపుకోవాలి. అది చర్మంతోనూ ఊపిరి తీసుకుంటుంది, చేతికున్నదంతా పీల్చుకుంటుంది. నత్తను ముట్టుకున్నాక సంగతి వేరు: కొన్ని జాతుల్లో మనిషికి సోకే పరాన్నజీవులుంటాయి, కాబట్టి ఇంటికెళ్ళగానే చేతులూ పలకా సబ్బుతో కడుక్కోవాలి.