సీనే సంతలో ఒక గ్యాస్ మాస్క్ డబ్బా

బ్రసెల్స్ నుంచి లక్సెంబర్గ్ వెళ్ళే రైలు నమూర్ దగ్గర మ్యూజ్ నదిని దాటాక మెల్లగా గుట్టలెక్కడం మొదలుపెడుతుంది. ఆ దారిలో సీనే అనే చిన్న ఊరుంది. పశువుల సంతకు పేరున్న ఊరు. ఏడాదిలో కొన్నిసార్లు ఇక్కడి ఎక్స్‌పో హాళ్ళలో పాత సైనిక వస్తువుల సంత కూడా జరుగుతుంది. నేను వెళ్ళింది దానికే. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ గ్యాస్ మాస్కులు, వాటిని మోసుకెళ్ళే రేకు డబ్బాలు సేకరించడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. లీజ్‌లో పనిచేసే మా గుంటూరు తమ్ముడొకడు కారు వేసుకుని స్టేషన్‌కి వచ్చాడు. "అన్నా, ఒక్క డబ్బా కోసం ఇంత దూరమా?" అన్నాడు కానీ, హాల్లోకి అడుగుపెట్టాక వాడే నాకంటే ముందు నడిచాడు.

హాలంతా పాత తోలు, నూనె, తుప్పు వాసన. బల్లల మీద హెల్మెట్లు, బెల్టులు, తూటాల పెట్టెలు, తడిసి ఆరిన ఉత్తరాల కట్టలు. జర్మనీ సంతల్లో స్వస్తిక ఉన్న చోట స్టిక్కర్ అంటించి అమ్మడం చూశాను, అక్కడి చట్టం ఆ గుర్తును బహిరంగంగా చూపనివ్వదు. ఇక్కడ అలాంటి స్టిక్కర్లు కనిపించలేదు. నాకు అది ఇబ్బందిగానే ఉంటుంది. ఆ గుర్తున్న బల్లల దగ్గర నేను ఆగను.

ఆ డబ్బాను ఫొటోల్లో చాలామంది చూసే ఉంటారు. జర్మన్ సైనికుడి వెనక, నడుము మీదుగా వేలాడే పొడవాటి స్తంభంలాంటి డబ్బా. పలచటి రేకు సొట్టపోకుండా చుట్టూ నిలువుగా గాళ్ళు నొక్కి ఉంటాయి. భుజానికి ఒక పట్టీ, బెల్టుకు తగిలించడానికి కొక్కెంతో ఇంకో చిన్న పట్టీ. మూత లోపల చిన్న అర ఉంటుంది. కళ్ళద్దాలకు ఆవిరి పట్టకుండా లోపల అమర్చుకునే పలచటి బిళ్ళలు అందులో దాచుకునేవారు. మాస్కుల్లో రెండు రకాలు ఎక్కువ దొరుకుతాయి. 1930లో వచ్చిన జీఎం 30 రబ్బరు పూసిన గుడ్డతో చేసింది. 1938లో వచ్చిన జీఎం 38 కృత్రిమ రబ్బరుతో చేసింది, పట్టీలు కూడా సులువైనవి. రెండింటికీ ముందువైపు ఫిల్టర్‌ను మరతో బిగిస్తారు.

ప్రతి సైనికుడికీ ఇది ఎందుకిచ్చారో తెలియాలంటే ఇదే బెల్జియంలో ఈప్ర్ ఊరికి వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న జర్మన్లు అక్కడ క్లోరిన్ అనే విషవాయువు వదిలారు. నాలుగు రోజులకే బ్రిటిష్ ఇండియన్ సైన్యంలోని మన లాహోర్ డివిజన్ సైనికులు కూడా అదే ఊరి దగ్గర ఆ గ్యాస్ బారిన పడ్డారు. ఆ భయం తర్వాతి తరం సైన్యాలన్నిటినీ పట్టుకుంది. కానీ రెండో యుద్ధంలో ఐరోపా రణరంగాల్లో విషవాయువుతో పోరు నడవలేదు. రెండు పక్షాల దగ్గరా నిల్వలున్నాయి, ఎదుటివాళ్ళు తిరిగి కొడతారన్న భయం రెండు పక్షాలకూ ఉంది. దాంతో చాలామంది సైనికులు మాస్కు పారేసి డబ్బా మాత్రం ఉంచుకున్నారు. నీళ్ళు చొరవని డబ్బా కదా, రొట్టె, సిగరెట్లు, ఉత్తరాలు అందులో పెట్టుకునేవారు. అందుకే నాకు మాస్కు కంటే డబ్బా మీదే మక్కువ.

ఉత్తర బెల్జియంలోని ఫ్లాండర్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన బల్ల మీద నాకు కావలసింది కనబడింది. అసలు రంగు ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, దాని మీద ఎవరో కుంచెతో ఇసుక రంగు పూశారు. గాళ్ళ లోతుల్లో పాత రంగు అలాగే మిగిలి ఉంది. ఈమధ్య పూసిన రంగైతే గీతలు పడ్డ చోట, తుప్పు మీద కూడా సమంగా పరుచుకుంటుంది. ఇక్కడ తుప్పు రంగును చీల్చుకుని పైకి వచ్చింది. మూత స్ప్రింగ్ ఇంకా బిగువుగా ఉంది. అర తెరిస్తే బిళ్ళలు లేవు, కానీ మూత లోపల మేకుతో గీకిన ఒక ఇంటిపేరు ఉంది. లోపలి మాస్కు జీఎం 38, రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది. పెద్దాయన 110 యూరోలు అన్నాడు, 85కి ఒప్పుకున్నాడు. మా తమ్ముడు మాస్కు తీసి ముఖానికి పెట్టుకోబోతే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. ఆ కాలపు ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉండే ప్రమాదం ఉంది. వాటి ద్వారా ఊపిరి పీల్చకూడదు, విప్పి లోపల ఏముందో చూడకూడదు. పెద్దాయన ఫిల్టర్ నోటికి టేపు వేసి మరీ ఇచ్చాడు.

తర్వాత ఆయన భూతద్దం పెట్టి మాస్కు మీది ముద్ర చూపించాడు. యుద్ధం మధ్యలో ఫ్యాక్టరీల పేర్లు తీసేసి అక్షరాల కోడ్‌లు వేశారు. ఈ కోడ్ ఆవర్ కంపెనీదని, బెర్లిన్ పక్కనున్న ఒరానియన్‌బర్గ్ ఫ్యాక్టరీదని ఆయన చెప్పాడు. ఆ పేరు వినగానే నా చేతిలో వస్తువు బరువు మారిపోయింది. ఒరానియన్‌బర్గ్‌లోనే జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం ఉండేది. 1944 నుంచి ఆవర్ ఫ్యాక్టరీలో మహిళా ఖైదీల చేత మాస్కుల పని చేయించారు. లూబెక్‌కు చెందిన డ్రేగర్ కంపెనీ కూడా హాంబర్గ్ వాండ్స్‌బెక్‌లో అదే పని చేయించింది. ఆవర్ ఫ్యాక్టరీలో యురేనియం శుద్ధి కూడా జరిగేది. అందుకే 1945 మార్చి 15న అమెరికన్ విమానాలు దాని మీద బాంబులు కురిపించాయి. అప్పుడు పేలకుండా మట్టిలో మిగిలిన బాంబులను ఆ ఊళ్ళో ఇప్పటికీ తవ్వి తీస్తున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. యుద్ధరంగంలో వాడని విషవాయువును నాజీలు శిబిరాల్లో వాడారు. ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీలను చంపడానికి జైక్లోన్ బి అనే విషపు డబ్బాలు ఒంపిన ఎస్ఎస్ (నాజీల ప్రత్యేక దళం) మనుషులు గ్యాస్ మాస్కులు వేసుకునే ఆ పని చేశారు. ఈ వస్తువును సేకరించేవాడు ఆ సంగతిని పక్కన పెట్టి రంగు గురించి, స్ప్రింగ్ గురించి మాత్రమే మాట్లాడితే నాకు కోపం వస్తుంది. నా దగ్గరున్న ప్రతి మాస్కుకూ కార్డు రాసి పెడతాను. అందులో మోడల్ కంటే ముందు ఫ్యాక్టరీ పేరు, అక్కడ ఎవరు పనిచేశారన్నది ఉంటుంది. కొందరు తోటి సేకర్తలకు ఇది అతిగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది లేకుండా సేకరణ లేదు.

మధ్యాహ్నం కారులో దగ్గరలోని సెల్ గ్రామానికి వెళ్ళాం. ఊరి బయట కూడలిలో ఒక జర్మన్ పాంథర్ ట్యాంకు నిలిచి ఉంది. 1944 డిసెంబర్‌లో ఆర్డెన్స్ అడవుల గుండా చేసిన దాడిలో జర్మన్లు పడమటికి అన్నిటికంటే ముందుకు వచ్చింది ఈ చుట్టుపక్కల దాకానే. మ్యూజ్ నది పది కిలోమీటర్లు కూడా లేదు, కానీ పెట్రోలు అయిపోయింది. క్రిస్మస్ రోజు నుంచి అమెరికన్లు ఆ దళాన్ని చుట్టుముట్టి ధ్వంసం చేశారు. కూడలిలోని కెఫే యజమానురాలు ముందు దారంతా మైన్లు పెట్టారని చెప్పి జర్మన్లను ఆపిందని ఊళ్ళో చెప్పుకుంటారు. మిగిలినవాళ్ళు బరువైనవన్నీ వదిలేసి మంచులో నడిచి వెనక్కి వెళ్ళిపోయారు. చుట్టుపక్కల కొట్టాల్లో, అడవుల్లో ఇలాంటి డబ్బాలు ఎన్ని మిగిలిపోయి ఉంటాయో!

"మూతలో పేరున్న మనిషి కూడా ఇటు వచ్చాడంటావా అన్నా?" అని తమ్ముడు అడిగాడు. ఒక్క ఇంటిపేరుతో అది తేలదు, డబ్బా కూడా ఫ్లాండర్స్ ఇంట్లోంచి వచ్చింది. ఫ్యాక్టరీ సంగతి మాత్రం ఇంకా తెలుసుకోవచ్చు. ఒరానియన్‌బర్గ్‌కు బెర్లిన్ నుంచి లోకల్ రైలుంది, జాక్సెన్‌హౌజెన్ స్మారకంలో చూపించడానికి ముద్ర ఫొటోలు తీసి పెట్టుకున్నాను. వచ్చే నెల వెళ్తున్నాను, ఈసారి తమ్ముడూ వస్తానన్నాడు.