థాంగ్‌యుఎ తోరణాల కింద ఒక పూట

మేం బయల్దేరింది చైనాలో హువాంగ్‌షాన్ కొండ చూద్దామని. రెండు రోజులూ కొండంతా మబ్బే, మూడడుగుల అవతల మనిషి కనబడలేదు. దాని గురించి రాయడానికేం లేదు. తిరుగు ప్రయాణంలో ఒక పూట మిగిలిందని మా అమ్మాయి నన్ను షెషియన్ అనే పాత ఊరికి తీసుకెళ్ళింది. ఇంటికొచ్చి నెల్లాళ్ళయినా ఆ పూట నన్ను వదలడం లేదు.

అమ్మాయి హాంగ్‌జౌలో ఉద్యోగం చేస్తోంది. 2018 ఆఖర్లో హైస్పీడ్ లైను వచ్చాక అక్కడినుంచి ఈ చుట్టుపక్కలకి గంటన్నరే. షెషియన్ దగ్గరి థాంగ్‌యుఎ ఊరికి మాత్రం మామూలు బస్సు. నా పక్కన ఎనభై ఏళ్ళుంటాయేమో, ఒక ముసలావిడ కూర్చుంది. ఒళ్ళో వెదురుబుట్ట, దాన్నిండా ఆకుకూర. నా బొట్టు వంక చూసి, తన నుదుటి మీద వేలు పెట్టుకుని, అదేంటన్నట్టు కనుబొమలెగరేసింది. అమ్మాయి ఫోనులో అనువాదం పెట్టింది గానీ ఆవిడ యాస దానికి సగం అందలేదు. మీ ఆయన రాలేదా అని అడిగింది. పోయి నాలుగేళ్ళయిందని చెప్పించాను. ఆవిడ బుట్ట కింద పెట్టి నా చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఎంత గరుకు చేతులో! తన స్టాపు వచ్చేదాకా వదల్లేదు. లేచేముందు తన గుండె మీద వేలు పెట్టుకుని ఏదో అంది. "నాకు ముప్పై రెండేళ్ళు" అంది ఫోను. ఆవిడ వయసు కాదది.

మేం వెళ్ళినప్పుడు థాంగ్‌యుఎలో టికెట్టు వంద యువాన్లు, అంటే మన పన్నెండు వందలకి పైమాటే. పక్కనున్న తోట కూడా కలిపి అమ్మారు, తోట వద్దన్నా తగ్గించలేదు. విసుక్కుంటూనే లోపలికెళ్ళాను. పొలాల మధ్య ఊరి బాట మీద ఏడు రాతి తోరణాలు వంపు తిరిగి వరసగా నిలబడి ఉన్నాయి. వీటిని పైఫాంగ్ అంటారు. మన ఓరుగల్లు కీర్తితోరణం గుర్తొచ్చింది గానీ ఇవి ఇంకా సన్నంగా, ఎత్తుగా ఉన్నాయి. మూడు మింగ్ రాజుల కాలానివి, నాలుగు వాళ్ళ తర్వాతి చింగ్ రాజుల కాలానివి. అన్నీ బావ్ వంశం వాళ్ళవే. ఏ చివరినుంచి నడిచినా రాజభక్తి, పితృభక్తి, పాతివ్రత్యం, ధర్మం ఒకే వరసలో వచ్చేలా అమర్చారు. అందులో రెండు తోరణాలు విధవలవి.

ఒకటి బావ్ వెన్‌యువాన్ రెండో భార్యది. ఆవిడ పేరు రాతి మీద లేదు. పుట్టింటి పేరు వూ, అంతే. ఇరవై రెండో ఏట ఈ ఊరు కాపురానికొచ్చింది. ఇరవై తొమ్మిదో ఏట భర్త పోయాడు. సవతి కొడుకుని పెంచి పెద్దచేసి అరవయ్యో ఏట కన్నుమూసింది. ఆవిడ తోరణం మీద ఒకవైపు "మూడు చలికాలాలకి చలించని నిష్ఠ" అనీ, రెండోవైపు "వంశం ఒక్క దారం మీద నిలిచింది" అనీ చెక్కారు. రెండో భార్యలకి తోరణం కట్టే ఆనవాయితీ లేదట, ఆవిడ కోసం అది సడలించారట. అలా సడలించి కూడా, "నిష్ఠ" అనే అక్షరంలో పై సగాన్ని కింది సగం మీద సరిగ్గా కూర్చోనివ్వకుండా కాస్త పక్కకి జరిపి చెక్కారని, ఎంత చేసినా మొదటి భార్యతో సమానం కాదని చెప్పడానికేనని అక్కడి గైడ్లు చెబుతారు. మెడ నొప్పెట్టేదాకా ఆ అక్షరాన్నే చూశాను. కింద ఒక కుటుంబం నవ్వుతూ ఫొటోలు దిగుతోంది.

మా అమ్మాయి ఇదంతా ముందే చదివి పెట్టుకుంది. 1368లోనే మింగ్ చక్రవర్తి శాసనం ఒకటుందట. ముప్పై నిండకముందు భర్త పోయి, యాభై దాటేదాకా మళ్ళీ పెళ్ళాడని ఆడదాని ఇంటికి రాజగౌరవం, ఆ ఇంటివాళ్ళకి వెట్టిచాకిరీ మినహాయింపు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే భర్త ఆస్తే కాదు, తన పుట్టింటి సొమ్ము కూడా అత్తవారికే వదిలేసి పోవాలి. చింగ్ వాళ్ళ కాలంలో తోరణం కట్టుకోమని ముప్పై లియాంగ్‌ల వెండి, అంటే కిలోకి పైనే, ఇచ్చేవారట. ఇరవై తొమ్మిదేళ్ళ వూ గారు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. ఇంకో రెండేళ్ళు ఆయన బతికుంటే ఈ రాయి లేచేది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఒంటరిగా గడపడం మాత్రం తప్పేది కాదు.

ఈ ప్రాంతం పాత పేరు హుయిజౌ. ఇక్కడి మగపిల్లలని పదమూడు, పద్నాలుగేళ్ళకే వ్యాపారానికి ఊరు దాటించేవారు. గత జన్మలో పుణ్యం చేసుకోకే హుయిజౌలో పుట్టామని వాళ్ళ పాట. భార్యలు ఇక్కడే ఉండిపోయేవారు. తోరణాలకి దగ్గర్లోనే చింగ్‌యి థాంగ్ అని ఆడవాళ్ళ కోసం కట్టిన పితృమందిరం ఉంది. మగవాళ్ళ మందిరం దక్షిణానికి చూస్తుంటే ఇది ఉత్తరానికి చూస్తుంది. లోపల చల్లగా, తడి రాయి వాసన. అక్కడ గడప మీద కూర్చున్నప్పుడు అమ్మాయి చెప్పింది ఆ కథ. ఒక విధవ రోజూ రాత్రి దీపం ఆర్పేసి, నూరు రాగి నాణేలు నేల మీద చల్లేదట. చీకట్లో తడుముకుంటూ నూరూ ఏరుకునేసరికి అలసట వచ్చి నిద్రపట్టేదట. ఏళ్ళ తరబడి ఏరి ఏరి ఆ నాణేలు అద్దాల్లా నున్నబడిపోయాయట.

నేను మాట్లాడలేకపోయాను. మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

కోనసీమలో మా అమ్మమ్మకి పంతొమ్మిదో ఏట భర్త పోయాడు. ఒళ్ళో ఏడాది పిల్ల మా అమ్మ. గుండు, తెల్లపంచె, ఒంటిపూట భోజనం. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించారు. ఆ గాలి గోదావరి దాటి మా అమ్మమ్మ గడపలోకి రాలేదు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి ఆవిడ పక్కన పడుకునేదాన్ని. రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా ఆవిడ గోడకి చేరగిలబడి, చీకట్లో పత్తి తీసుకుని అరచేతిలో వత్తి చేస్తూ ఉండేది. వేలికి కాస్త విబూది అద్దుకుని, నలిపి, బుట్టలో వేసేది. "ఎవరికమ్మమ్మా ఇన్ని?" అంటే "లక్షవత్తుల నోముకి, ఎవరో పేరంటాలు అడిగిందే" అనేది. ఆ పేరంటానికి ఆవిడని ఎవరూ పిలవరు. వత్తులు మాత్రం ఆవిడవే కావాలి. భక్తి అనుకున్నాను నేను, యాభై ఏళ్ళు.

మా ఆయన పోయిన పదకొండో రోజున బొట్టు తియ్యమన్నప్పుడు మా అమ్మాయి అడ్డం నిలబడింది. ఆ రోజు నాకు నోరు లేదు. దానికి ఉంది.

భోజనం సంగతి చెప్పుకోదగ్గది కాదు. శాకాహారం అని మూడుసార్లు చెప్పినా ఆకుకూరలో పంది మాంసం ముక్కలు వేశారు. నేను ఒట్టి అన్నం, వేరుశనగలు తిన్నాను.

సాయంత్రం షెషియన్ పాతబస్తీకి వెళ్ళాం. నడివీధిలో శ్యూ గువో అనే మంత్రి తోరణం, 1584 నాటిది. మిగతా తోరణాలకి నాలుగు స్తంభాలైతే దీనికి ఎనిమిది. అందరూ దాన్నే చూస్తారు. పాతబస్తీలోనే ఇంకోచోట, సందులో ఒక ఇటుక తోరణం ఉంది. హుయిజౌలో కట్టిన ఆఖరి తోరణం అదే, 1905లో. దాని మీద ఒక అంకె ఉంది. హుయిజౌ మొత్తంలో 65,078 మంది ఆడవాళ్ళకి కలిపి ఆ ఒక్కటీ. పేర్లు లేవు.

సందులో ఎవరో అన్నం వండుతున్నారు, తిరగమోత లాంటి వాసన వచ్చింది. అమ్మాయి అంకెని తెలుగులో చదవమంది. అరవై ఐదు వేల డెబ్భై ఎనిమిది అన్నాను. మా అమ్మమ్మ పేరేంటో తనకి ఎప్పుడూ చెప్పలేదంది. మా ఇంట్లో అందరూ బోడమామ్మ అనేవారు. ఆవిడ పేరు నాకు తెలిసింది దినకర్మల రోజున, పురోహితుడు అడిగినప్పుడు. ఆ సందులో నిలబడి చెప్పాను. అది ఫోనులో రాసుకుంది.