రూటర్ కంటే ముందు వైరు

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా ఫ్లాట్‌లో ఫైబర్ కనెక్షన్ హాల్లో టీవీ వెనక్కి వచ్చి ఆగుతుంది. నేను పని చేసుకునే గది మాత్రం ఇంటికి ఆ చివర. మధ్యలో రెండు కాంక్రీట్ గోడలు, వంటగది. నా మీటింగూ అమ్మాయి ఆన్‌లైన్ ట్యూషనూ ఒకే సమయానికి పడితే ఇద్దరికీ టెన్షనే.

మా బావమరిది "బావా, ఆరు యాంటెన్నాల రూటర్ తీసుకో, ఇల్లంతా వస్తుంది" అన్నాడు. చాలామంది చెప్పేది అదే. నేను ముందు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా కంపెనీ ఇచ్చిన పెట్టెకి కలిపి స్పీడ్ చూశాను. ప్లాన్ 200 ఎంబీపీఎస్. వచ్చింది 94. 100 ఎంబీపీఎస్ పోర్టులో (కేబుల్ గుచ్చే చోటు) అంతకంటే పెద్దగా రాదు. వెనక్కి తిప్పి చూస్తే నాలుగు పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్‌ది. కేబుల్ అందులోకి మార్చగానే 200 వచ్చింది. ఏ పరికరమైనా కొనేముందు ఈ పరీక్ష చేయాలని ఇప్పుడు అడిగిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

ఇక మిగిలింది గోడలు. వైఫై ప్రధానంగా 5, 2.4 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడ దాటితే నీరసిస్తుంది. 2.4 గోడలు దాటుతుంది, అయితే అందులో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో అందరి వైఫైలూ వాటిమీదే. రూటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ చిన్న గొంతు తిరిగి దాన్ని చేరాలి కదా. అందుకే పెద్ద రూటర్ ఆలోచన మానేసి, గది దాకా వైరు లాగి అక్కడ చిన్న వైఫై పెట్టాలని తేల్చుకున్నాను.

సామాన్ల కోసం బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. ఆ ఇరుకు సందుల్లో తెలుగు మాట్లాడే దుకాణదారులు దొరుకుతారు. కేబుల్ దగ్గర మాత్రం తొందరపడకూడదు. క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుళ్లలో ఒక రకం) అని రాసి ఉన్నా లోపల అల్యూమినియం తీగకి రాగి పూత వేసినవి అమ్ముతారు. అవి పెళుసు, మెలిపెడితే తెగుతాయి. "అన్నా, ఇది పూర్తి రాగేనా?" అని అడిగి, తీగ కొన బ్లేడుతో గీకి చూపించమన్నాను. లోపల తెల్లగా కనిపిస్తే వద్దనేయడమే. క్యాట్ 7, 8 అంటూ ఖరీదైనవి చూపించారు. గిగాబిట్‌కి 100 మీటర్ల దాకా క్యాట్ 5ఈ కూడా సరిపోతుంది, మా ఇంట్లో దూరం అందులో నాలుగో వంతు కూడా లేదు.

ఒక కేబుల్‌ని చాలా పరికరాలకి పంచే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి (డబ్బా మీద 10/100 అని మాత్రమే ఉంటే తీసుకోకండి), మామూలు వైఫై 6 రూటర్ ఒకటి, కరెంటు పోతే పెట్టె ఆగకుండా 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాను. మా బిల్డింగ్‌లో జనరేటర్ అందుకునేలోపు పోయే ఆ కొన్ని సెకన్లకే పెట్టె రీస్టార్ట్ అయ్యి మీటింగ్ తెగిపోయేది. యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద వోల్టులూ ఆంపియర్లూ చూసుకోవాలి.

వైరు లాగడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ది కదిరి. "కరెంటు పైపులోంచే లాగేస్తా సార్, తొందరగా అయిపోతుంది" అన్నాడు. ప్రమాదం, పైగా సిగ్నల్‌కి ఆటంకం. ఒప్పుకోలేదు. పాత కేబుల్ టీవీ పైపు ఖాళీగా ఉంటే అందులోంచి ఒకేసారి రెండు వైర్లు లాగించాను. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కలవాలి, నాలుగే కలిస్తే మళ్లీ 100 దగ్గరే ఆగుతుంది. కాబట్టి అతను వెళ్లకముందే టెస్టర్ పెట్టి చూపించమన్నాను.

గదిలోని రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే హాల్లోని నెట్‌వర్క్‌నే వైఫైగా పంచేలా పెట్టాను. లేదంటే అది వేరే నెట్‌వర్క్ తయారుచేసుకుని, హాల్లోని ప్రింటర్ గదికి కనిపించదు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, వేర్వేరు చానళ్లు. రూటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేశాను.

మొత్తం ఖర్చు ఆ ఆరు యాంటెన్నాల రూటర్ ధర కంటే తక్కువే అయ్యింది. గదిలో ఇప్పుడు 200 పూర్తిగా వస్తోంది. రెండో వైరు అమ్మాయికి డెస్క్‌టాప్ కొన్నాక వాడాలి.