ఈసీఆర్ పాస్‌పోర్టుతో దుబాయ్ చుట్టపుచూపు: నా అనుభవం

దుబాయ్ నుంచి వచ్చి ఇంకా సామాన్లు కూడా పూర్తిగా సర్దుకోలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బుర్జ్ ఖలీఫా ఎక్కారా, బంగారం ఎంత తెచ్చారు అనే అడుగుతున్నారు. పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే విదేశాలకి పనికి వెళ్తుంటే తనిఖీ చేయాలని) ఉన్నందుకు, వెళ్ళేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో నాకు జరిగింది మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్తాను. మా వైపు ఆడవాళ్ళకి పనికొస్తుంది.

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యాపారం. మా ఆయన తోటలు తిరిగి కాయ బేరం చేస్తారు. దింపు కూలి, ఒలుపు కూలి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ నుంచి రావాల్సిన బాకీలు, కురిడీకి (ఎండు కొబ్బరికి) అటకెక్కించిన కాయ లెక్క అంతా నాది. వెయ్యి కాయల ధర మారితే మాకెంత మిగులుతుందో కాగితం లేకుండా చెప్పగలను. ఇదెందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

మా తమ్ముడు దుబాయ్‌లో ఓ కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. "అక్కా, చలికాలంలో ఓసారి రావే, ఎండలు మొదలైతే బయట నిలబడలేరు" అని ఏటా పిలుస్తాడు. ఈసారి డిసెంబరులో కుదిరింది. నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా అమ్మాయి, మా అత్తయ్య బయల్దేరాం.

వీసాలు ఇంత సులువా అనిపించింది. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, ఫొటో ఫోన్లో పంపితే తమ్ముడు అక్కడి నుంచే ముప్పై రోజుల విజిట్ వీసాకి పెట్టాడు. వాట్సాప్‌లోనే వచ్చేశాయి. టికెట్లు కూడా వాడే చూసుకున్నాడు.

సామాన్ల దగ్గర మాత్రం అత్తయ్యతో గొడవ. కోడికూరలోకి గసగసాలు నూరి పెట్టాలని, తాంబూలానికి మన పెరటి తమలపాకులు పట్టుకెళ్ళాలని ఆవిడ పట్టు. ఆ దేశంలో ఈ రెండూ నిషేధమే. గసగసాలు నల్లమందు మొక్క గింజలని అక్కడ మత్తుమందు కింద జమకడతారు, మసాలా అన్నా వినరు. కాబట్టి మసాలా పొడులు ఎవరైనా చేసిస్తే ఏమేం వేశారో అడిగి మరీ పెట్టుకోండి. దగ్గు మందులూ నొప్పి మాత్రలూ కూడా అన్నీ చెల్లవు, డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి. అత్తయ్య ఆకులు మాత్రం చీర మడతలోంచి తీయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ఎయిర్‌పోర్టు. ఏ ఊరిదో రాయను.

ఇమిగ్రేషన్ దగ్గర తొందరగా అవుతుందని మా ఆయన, అమ్మాయి ఒక కౌంటరుకి, నేనూ అత్తయ్యా ఇంకో కౌంటరుకి వెళ్ళాం. కాగితాల ఫైలంతా మా ఆయన చంకలో ఉంది. ముందు అత్తయ్య వెళ్ళింది. ఆవిడకి సంతకం రాదు, పాస్‌పోర్టులో వేలిముద్రే. ఒక్క ముక్క అడగకుండా ముద్ర కొట్టి పంపేశారు. తర్వాత నేను. ఆ అబ్బాయి నా పాస్‌పోర్టు మెషిన్లో పెట్టాడు, పేజీలు తిప్పాడు, నన్ను చూశాడు, మళ్ళీ పేజీ చూశాడు. హిందీలో ఏదో అడిగాడు. నాకు రాదన్నాను. ఇంకో ఆయన్ని పిలిచాడు. ఆయన తెలుగాయనే. తెలుగు వినపడగానే హమ్మయ్య అనుకున్నాను.

"ఏ ఊరు?"

"రాజోలు దగ్గరండి."

"రాజోలా!" అని ఒక నవ్వు. "ఏం చదివావ్?"

"తొమ్మిదో తరగతండి."

"ఎవరింట్లో పని?"

నాకు మొదట అర్థం కాలేదు. "పనేంటండీ, మా తమ్ముడింటికి చూడ్డానికి వెళ్తున్నాం" అన్నాను.

"అందరూ తమ్ముడనే చెప్తారు. ఏజెంటు ఎవరు? ఎంత కట్టావ్?"

వెనకాల లైను లైనంతా వింటోంది. నా చేతులు కౌంటరు మీద ఉన్నాయి. పచ్చి పీచు రసం దిగి మా గోళ్ళ చుట్టూ నల్లగా మరకలుంటాయి, ఎంత తోమినా పోవు. ఆయన వాటి వంక చూశాడు. అదే సాక్ష్యం అన్నట్టు తలాడించాడు. అవతలికి వెళ్ళిపోయిన అత్తయ్య అక్కడి నుంచి "ఏవైందే, రావే" అని కేకలు. "ఆవిడెవరు?" అన్నాడు. మా అత్తగారండీ అంటే, "అత్తగారిని కూడా తోడు పంపుతున్నారా ఇప్పుడు?" అన్నాడు. ఎవరో నవ్వారు కూడా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే నిజమే అనుకుంటారని మింగేశాను.

పక్కనున్న బెంచీ మీద కూర్చోమన్నారు. అక్కడ అప్పటికే ఒక అమ్మాయి ఉంది. కొత్త చుడీదార్, ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు. పాతికేళ్ళుంటాయేమో. పెదాలు కదుపుతూ ఏదో వల్లెవేసుకుంటోంది. "హాలిడే... హోటల్... ఫైవ్ డేస్..." ఏ ఊరమ్మా అంటే తల తిప్పేసుకుంది. ఆ అమ్మాయిని పిలిచారు. అడిగినవన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది, హోటల్ కాగితం చూపించింది, రిటర్న్ టికెట్ చూపించింది. పంపేశారు. నిజంగా ఊరు చూడ్డానికే వెళ్తోందేమో, నాకేం తెలుసు. కానీ చెప్పేవాళ్ళుంటే చెప్పాల్సిన జవాబులు ఎవరికైనా వస్తాయి. ఎవరూ ఏమీ నేర్పకుండా వచ్చినదాన్ని, నేనే తడబడ్డాను.

ఆ తనిఖీ ఎందుకో నాకు తెలియక కాదు. పదో తరగతి పాసవ్వనివాళ్ళకి పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాళ్ళకి ప్రభుత్వం అనుమతి ఉండాలి. ఇంటిపనికైతే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలి. ఇవేవీ లేకుండా విజిట్ వీసా మీద దాటించేసే ఏజెంట్లు మా చుట్టుపక్కల కొల్లలు. మా వీధిలోనే ఒకామెని ఊరు చూసి రావడానికని చెప్పి మస్కట్ పంపారు. దిగగానే పాస్‌పోర్టు లాక్కున్నారు. తిరిగి రావడానికి ఉన్న కాస్త కొబ్బరితోటా తాకట్టు పడింది. అడగాలి, గట్టిగానే అడగాలి. కానీ ఈసీఆర్ ఉన్నా చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఆ అనుమతి అక్కర్లేదు, వీసా, రిటర్న్ టికెట్ ఉంటే చాలు. అది ఆయనకి నాకంటే బాగా తెలుసు. లైనంతటి ముందూ "ఎవరింట్లో పని" అని నవ్వమని మాత్రం ఏ రూలూ చెప్పదు. అయినా ఇంటిపనికి వెళ్ళేవాళ్ళు ఏం తక్కువ? కోనసీమలో సగం డాబాలు ఆ ఆడవాళ్ళ చెమటతో లేచినవే.

కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చారు, పై ఆఫీసరు. ఆవిడ "మీరు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు గొంతు పెగిలింది. మా ఆయన్ని వెనక్కి పిలిపించి ఫైలు తెప్పించారు. తమ్ముడి పాస్‌పోర్టు కాపీ, దుబాయ్ ఐడీ కాపీ ఉన్నాయి. "మీ ఇంటిపేరు వేరు, ఆయన ఇంటిపేరు వేరు. తమ్ముడని ఎలా?" అన్నారు. మా ఆయన పెళ్ళి ఫొటోలు ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు! నేనే అన్నాను, "మేడం, ఇద్దరివీ చివరి పేజీలు చూడండి, నాన్న పేరు, అమ్మ పేరు ఒకటే కదా" అని. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, మా ఆయన వంక తిరిగి, "ఈవిడ చేతికివ్వండి ఫైలు" అన్నారు. అంతే, ముద్ర పడింది.

వెళ్ళేటప్పుడు ఆ తెలుగాయన ఎదురుపడ్డాడు. "మీ మంచికేనమ్మా" అన్నాడు. "మంచి చేసేటప్పుడు మీరు అంటే నోరేమీ అరిగిపోదండి" అన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. విమానం ఎక్కేదాకా ఆయన టెన్షన్ ఆయనది.

ఇంతకీ మా నలుగురిలో నాకే ఎందుకీ పీడ అంటే, యాభై దాటినవాళ్ళకి ఈసీఆర్ ఉండదు, అత్తయ్య గట్టెక్కింది. పద్దెనిమిది నిండనివాళ్ళకీ ఉండదు, అమ్మాయి గట్టెక్కింది. మా ఆయన పదో తరగతి సప్లిమెంటరీల మీద సప్లిమెంటరీలు రాసి పాసైనవారు, ఆయనా గట్టెక్కారు. లెక్కలన్నీ చూసే నేను మిగిలాను. పైగా ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్ళ భార్యకి కూడా ఈసీఆర్ అక్కర్లేదట. మా ఆయన ఏటా కడుతూనే ఉన్నారు. పాస్‌పోర్టుకి పెట్టినప్పుడు ఆ కాగితాలు జతచేస్తే సరిపోయేది. మాకు అప్లికేషన్ నింపిన నెట్ సెంటరాయన డబ్బులు లెక్కపెట్టుకోవడంలో చూపించిన శ్రద్ధ ఇందులో చూపించలేదు. మీలో ఎవరైనా పాస్‌పోర్టుకి పెడుతుంటే ఆ ఈసీఆర్ గడి దగ్గర మీరే కళ్ళు పెట్టుకోండి. ఇప్పటికే ఆ ముద్రతో వెళ్తుంటే మీ కాగితాలు మీ చేతిలోనే ఉంచుకోండి. మొగుడి చేతిలో వద్దు.

దుబాయ్‌లో దిగాక కళ్ళు స్కాన్ చేసి, ముద్రేసి పంపించారు. అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఊరు గురించి చెప్పాలంటే, బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. కింద నుంచి చూస్తేనే మెడ పట్టేసింది. పైకి టికెట్ ధర విని అత్తయ్య "ఆ డబ్బులతో ఊళ్ళో సంతర్పణ చెయ్యొచ్చు" అంది. మా ఆయన, అమ్మాయి ఎక్కారు, మేమిద్దరం కింద కూర్చున్నాం. మెట్రోకి డ్రైవరు ఉండడు. ఆడవాళ్ళకీ పిల్లలకీ వేరే పెట్టె ఉంది. అందులో ఏమైనా తింటే వంద దిర్హాములు జరిమానా. అత్తయ్య వక్కపలుకు నోట్లో వేసుకోబోతే నేను పట్టుకున్నాను.

నాకు బాగా నచ్చింది డేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ దాటే పడవ, అబ్రా అంటారు. ఒక్క దిర్హాము. సఖినేటిపల్లి రేవులో నర్సాపురం పంటు ఎక్కినట్టే ఉంది, కాకపోతే అబ్రాలో మోటారు సైకిళ్ళు ఎక్కించరు. అత్తయ్య నీళ్ళలో చెయ్యి ముంచి నాలిక్కి రాసుకుని "ఉప్పు" అంది. నది కాదు కదా, సముద్రమే లోపలికొచ్చింది. ఆ ఊరికి నదే లేదు. తాగే నీళ్ళు సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసినవేనని తమ్ముడు చెప్తే ఆవిడ నమ్మలేదు. రోడ్డు పక్కన ఖర్జూరం చెట్ల మొదట్లో ఇసక కాస్త పక్కకి తీసి చూశాను. నల్లటి సన్న గొట్టం, దానికి చిల్లు, చుక్క చుక్కగా నీళ్ళు. ప్రతి చెట్టుకీ అంతే. మన కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయి శివారు చేలకి నీరు అందకపోతే తీసేవాడుండడు, కాలువలకి నీళ్ళు ఆపేశాక మాత్రం అందరం గోల పెడతాం. అది వేరే సంగతిలెండి.

సూపర్ మార్కెట్లో కొబ్బరికాయలు చూసి ఆగలేకపోయాను. చెవి దగ్గర పెట్టి ఊపాను, నీళ్ళు సగం ఇంకిపోయాయి. ధర రూపాయల్లోకి మార్చుకున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ ధర గుర్తొస్తే కడుపు మండుతోంది. తోట దగ్గర మనకెంత వస్తుందో నాకు తెలుసు కదా.

అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో తెరిచిన గుడికి వెళ్ళాం. అంతా రాతి చెక్కడమే, ఏడు శిఖరాలు, ఆ దేశంలోని ఏడు ఎమిరేట్లకి గుర్తుగా. అత్తయ్యకి దుబాయ్ అంతా ఒక ఎత్తు, అదొక ఎత్తు. ముందే ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోండి.

బంగారం గురించి అడిగేవాళ్ళకి ఒకే జవాబు. ఆడవాళ్ళు నలభై గ్రాముల నగలు తెచ్చుకోవచ్చన్నది ఏడాదికి పైగా అక్కడ ఉండొచ్చినవాళ్ళకి, మనలా చూసొచ్చేవాళ్ళకి కాదు. మా ఆడపడుచు ఇది నమ్మక ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంది. ఖర్జూరాలు తెచ్చాను, తింటే తింటుంది.

వచ్చిన వెంటనే చేసిన పని, నా పాస్‌పోర్టులో ఆ ముద్ర తీయించడానికి రీఇష్యూకి పెట్టడం. ముద్ర ఒక్కటీ కొట్టేయరు, కొత్త పుస్తకమే ఇస్తారు. ముప్పై ఆరు పేజీల దానికి ప్రభుత్వ ఫీజు 1500 రూపాయలు. మా ఆయన పాన్ కార్డు, టాక్స్ రిటర్న్‌లు, మా పెళ్ళి సర్టిఫికెట్ అన్నీ జిరాక్సులు తీసి నా పేరు రాసిన ఫైల్లో పెట్టాను. అదే నెట్ సెంటరాయన "నేను చేస్తానమ్మా, పైన ఐదొందలివ్వండి చాలు" అన్నాడు. ఆయన ఎదురుగానే నిలబడి, మా అమ్మాయి చేత ఫోన్లో ఫీజు కట్టించి స్లాట్ బుక్ చేయించాను. వచ్చే మంగళవారం వెళ్ళాలి.