అందరి ముందూ అడిగిన ప్రశ్న, తలుపు వేసి అడిగిన ప్రశ్న

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడిలో రక్తపరీక్ష చేసి, హిమోగ్లోబిన్ 8.6 గ్రాములని చీటీ రాసి ఇచ్చారు. ఆ వయసు ఆడపిల్లలకు అది 12 గ్రాములకు తగ్గకూడదు. వాళ్లమ్మ కువైట్‌లో పనిచేస్తున్నందువల్ల, చంద్రగిరి నుంచి తిరుపతికి పిల్లను తీసుకువెళ్లే బాధ్యత నాదైంది.

మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము. స్త్రీల డాక్టరమ్మకు చూపించాలని చెప్పగానే, కౌంటరులోని మనిషి తల ఎత్తకుండానే, వెనుక వరుసలో ఉన్నవారందరికీ వినబడేటట్టు "పెండ్లయిందా? ఎన్నో నెల?" అని అడిగాడు. పదిహేనేళ్ల పిల్ల అనీ, రక్తం తక్కువగా ఉందనీ చెప్పాను. "పెండ్లి కాని పిల్లను ఇక్కడికెందుకు తెచ్చినారు? వాళ్లమ్మ రాలేదా?" అని ఇంకా గట్టిగా అడిగాడు. వరుసలో మా వీధి ఆమె ఒకరు ఉండి, అమ్మాయిని కిందినుంచి పైకి చూశారు. అమ్మాయి నా చొక్కా అంచు పట్టుకుని "నాయనా, పోదాం పా" అంది. అయినా లోపలికి తీసుకువెళ్లాను. అక్కడ తలుపు తెరిచే ఉంది, బల్లమీద మరో ముగ్గురు కూర్చుని ఉన్నారు. నెలసరి ఎట్లా వస్తోందని డాక్టరమ్మ అడిగితే, పిల్ల తల దించుకుని "బాగానే వస్తుంది" అంది. టానిక్కు రాసి పంపేశారు. బస్సులో ఇంటిదాకా అమ్మాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. స్నానానికి దడి కట్టుకునే మనం, రోగి మాటకు మాత్రం మరుగు అక్కరలేదనుకోవడం చాలా తప్పు. అటువంటి కౌంటరు ఎదురైతే వయసూ సమస్యా ముందే కాగితంమీద రాసి చేతికివ్వండి, నోటితో జవాబు చెప్పకండి.

వారం తరువాత ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమని తలుపు వేసుకున్నారు. చాలాసేపటికి పిలిచి, నాతో చెప్పడానికి అమ్మాయి ఒప్పుకున్నదని చెప్పి మాట్లాడారు. ఏడాదిగా నెలసరి తొమ్మిది రోజులు ఉంటోందట, గంటన్నరకే ప్యాడ్ మార్చవలసి వస్తోందట. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియలేదు. ఏడు రోజులు దాటితే ఎక్కువ కిందే లెక్క అనీ, రజస్వల అయిన తొలి సంవత్సరాల్లో అండం ప్రతి నెలా సక్రమంగా విడుదల కాకపోవడంవల్ల కొందరికి ఇట్లా జరుగుతుందనీ ఆమె వివరించారు. థైరాయిడ్‌, రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయించారు, లోపమేమీ లేదు. స్రావం తగ్గడానికి ఆ రోజుల్లో వేసుకునే మాత్రలూ, రోజూ ఐరన్ మాత్రలూ ఇచ్చారు.

ఐరన్ మాత్రవల్ల మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి మానేయకూడదు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాన్పించాను, ఎందుకంటే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. సంగటిలోకి ఆకుకూర పప్పు చేసి నిమ్మకాయ పిండుతున్నాను. మూడు నెలల్లో ఒక్క రోజు కూడా మాత్ర తప్పిపోనివ్వలేదని గట్టిగా చెప్పగలను.

నిన్నటి పరీక్షలో 12.2 వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు మాత్రలు వేసుకోవాలన్నారు. నెలసరి రోజులూ ప్యాడ్ల లెక్కా అమ్మాయే నోటుపుస్తకంలో రాసుకుంటోంది, ఈసారి ఆ పుస్తకం తీసుకుని గదిలోకి తానొక్కతే వెళ్తానంది.